పైథాన్ 3.14 ప్రకటన చదువుదాం, బాబాయి షాపు ప్రోగ్రామ్‌ని కొత్త వెర్షన్‌కి మారుద్దాం

నమస్తే అండీ. ముందు ఒక పని చేయండి. వీడియో పాజ్ చేసి టెర్మినల్ తెరవండి, విండోస్ వాళ్లయితే కమాండ్ ప్రాంప్ట్. అందులో పైథాన్ అని కొట్టి, ఒక స్పేస్ ఇచ్చి, రెండు హైఫన్లు పెట్టి, వాటిని ఆనుకుని వెర్షన్ అని కొట్టండి. ఒక నంబర్ వస్తుంది. దాన్ని కాగితం మీద రాసి పెట్టుకోండి. వీడియో అయ్యేదాకా ఆ నంబర్‌తో పని ఉంది.

ఇక్కడ నా ముందున్న ల్యాప్‌టాప్ మా బాబాయిది. ఆయనది ఎరువుల షాపు. 2021లో ఆయన కోసం పైథాన్ భాషలో చిన్న ప్రోగ్రామ్ ఒకటి రాసిచ్చాను. రైతుల ఖాతాలు, బాకీలు చూసుకుంటుంది. డీలర్ నుంచి వచ్చిన ఇన్‌వాయిస్‌ని ఫోన్‌తో ఫోటో తీసి ఒక ఫోల్డర్‌లో వేస్తే, అది నిజంగా ఫోటోనా కాదా చూసుకుని తేదీల వారీగా సర్దుతుంది. అంతే. నాలుగేళ్లకు పైగా ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. ఇప్పుడు ఇందులో వెర్షన్ కొట్టి చూద్దాం. 3.9 అని వచ్చింది చూడండి.

పైథాన్ 3.9 విడుదలైంది 2020 అక్టోబర్ 5న. 2025 అక్టోబర్‌తో దాని ఆయుష్షు తీరింది. తీరింది అంటే ప్రోగ్రామ్ ఆగిపోతుందని కాదు. రేపు పొద్దున షాపు తెరిస్తే బిల్లు మామూలుగానే వస్తుంది. కానీ రేపు పైథాన్‌లో ఏదైనా సెక్యూరిటీ లోపం బయటపడితే, దాన్ని సరిచేసిన 3.9 ఇక రాదు. తలుపు బాగానే ఉంటుంది, తాళం పాడైతే మార్చేవాళ్లు ఉండరు. "నడుస్తోంది కదా" అని మనం వదిలేసేది ఇక్కడే. అందుకే ఈ రోజు రెండు పనులు పెట్టుకున్నాను. కొత్త వెర్షన్ ప్రకటన వచ్చినప్పుడు అందులో ఏ భాగం చదవాలో చూపిస్తాను, అది చదువుతూనే ఈ ప్రోగ్రామ్‌ని కొత్త వెర్షన్‌కి మార్చేస్తాం.

స్క్రీన్ మీద చూడండి, ఇది 3.14 ప్రకటన. తేదీ 2025 అక్టోబర్ 7. ప్రకటించినది హ్యూగో వాన్ కెమెనాడే. ఈయన 3.14కి రిలీజ్ మేనేజర్. ప్రతి వెర్షన్‌కీ ఇలా ఒక మనిషి బాధ్యత తీసుకుంటారు. 3.12, 3.13 థామస్ వౌటర్స్ చూశారు, 3.10, 3.11 పాబ్లో గలిండో సల్గాడో చూశారు. ఇంకో మాట, గణితంలో పై విలువ 3.14 కదా, అందుకని ఈ వెర్షన్‌ని ముద్దుగా పై అని పిలుచుకున్నారు. మన లిపిలో రాస్తే పైథాన్ అన్న పేరులోనే పై ఉంది, నాకది చాలా నచ్చింది.

ప్రకటన తెరవగానే అందరూ "కొత్తగా ఏమొచ్చాయి" అన్న దగ్గరికి వెళ్లిపోతారు. నేను అక్కడికి చివర్లో వెళ్తాను. ముందు వెర్షన్ నంబర్ పక్కన ఏముందో చూడండి. 3.14.0 అని ఉండి, దాని వెనక ఏ అక్షరమూ లేకపోతే అది అసలైన విడుదల. ఏ అని ఉంటే ఆల్ఫా, బీ అని ఉంటే బీటా, ఆర్‌సీ అని ఉంటే రిలీజ్ క్యాండిడేట్. ఈ మూడూ విడుదలకు ముందు పరీక్ష కోసం ఇచ్చేవి. బీటా మొదలయ్యాక కొత్త ఫీచర్లు చేర్చరు, ఉన్నవాటినే సరిచేస్తారు. లైబ్రరీలు, అంటే అందరూ తెచ్చుకుని వాడుకునే రెడీమేడ్ కోడ్, రాసేవాళ్లు తమ కోడ్‌ని పరీక్షించుకోవాల్సింది బీటా, ఆర్‌సీ దశల్లోనే. షాపు కంప్యూటర్‌లో మాత్రం అవి వేయకూడదు.

ఈ దశలు ఎందుకంత ముఖ్యమో 3.13 సంగతి చెబితే తెలుస్తుంది. అది 2024 అక్టోబర్ 1న రావాలి. అందులో చెత్త మెమరీని కొద్ది కొద్దిగా ఊడ్చే కొత్త పద్ధతి ఒకటి పెట్టారు, ఇంక్రిమెంటల్ గార్బేజ్ కలెక్టర్ అంటారు. సరిగ్గా చివర్లో, దానివల్ల కొన్ని ప్రోగ్రామ్‌లు నెమ్మదించాయని తేలింది. విడుదలకు రోజుల ముందు దాన్ని తీసేశారు, ఇంకో ఆర్‌సీ ఇచ్చారు, అసలు విడుదలను వారం వెనక్కి జరిపి అక్టోబర్ 7న చేశారు. ప్రకటించిన తేదీ కోసం మన ప్రోగ్రామ్‌లతో పందెం కాయలేదు. ఇదంతా దాచకుండా ప్రకటనలోనే రాశారు. పైథాన్ మీద నాకున్న నమ్మకంలో సగం ఇలాంటి ప్రకటనలు చదవడం వల్లే వచ్చింది.

ఇంతకీ ఈ నిర్ణయాలు ఎవరివి? 2018 జూలై దాకా ఆఖరి మాట గైడో వాన్ రోసమ్‌ది, భాషను పుట్టించిన మనిషి. వాల్‌రస్ ఆపరేటర్ అనే కొత్త గుర్తు మీద, అంటే పెప్ 572 మీద జరిగిన వాదనల తర్వాత ఆయన ఆ స్థానం నుంచి తప్పుకున్నారు. అప్పటినుంచి కోర్ డెవలపర్లు ఓట్లేసి ఐదుగురిని ఎన్నుకుంటారు, స్టీరింగ్ కౌన్సిల్ అంటారు. పెప్ అన్నది మార్పు కోసం రాసే అర్జీ లాంటిది. ఎందుకు మార్చాలి, ఎలా మార్చాలి, ఎవరికి ఇబ్బంది అన్నీ అందులో రాయాలి. ప్రకటనలో ప్రతి పెద్ద మార్పు పక్కనా పెప్ నంబర్ ఉంటుంది. అర్థం కాకపోతే ఆ నంబర్ పట్టుకుని వెళ్లి "మోటివేషన్" అన్న భాగం ఒక్కటి చదవండి, చాలు.

ఇప్పుడు తేదీల దగ్గరికి వద్దాం. 3.9 నుంచి ఏడాదికొక కొత్త వెర్షన్, అక్టోబర్‌లో. ఒక్కో వెర్షన్‌కి ఐదేళ్లు. 3.13 నుంచి మొదటి రెండేళ్లు తప్పులన్నీ సరిచేస్తారు, మిగతా మూడేళ్లు సెక్యూరిటీ లోపాలు మాత్రమే. అంతకు ముందు వెర్షన్లకి మొదటి భాగం ఏడాదిన్నరే. ఈ రెండో దశలో విండోస్‌కి, మ్యాక్‌కి రెడీమేడ్ ఇన్‌స్టాలర్లు ఇవ్వరు, సోర్స్ కోడ్ మాత్రమే ఇస్తారు. ఉదాహరణకి 3.12.10 తర్వాత 3.12కి ఇన్‌స్టాలర్లు రాలేదు. అంటే సోర్స్ నుంచి కట్టుకోలేని విండోస్ వాళ్లకి ఐదేళ్ల ఆయుష్షు పేరుకే ఐదేళ్లు.

మీరు రాసుకున్న నంబర్ చూడండి. 3.10 అయితే 2026 అక్టోబర్‌తో సరి. 3.14 వేసుకుంటే 2030 అక్టోబర్ దాకా నిశ్చింత. షాపుల్లో ఇంకా విండోస్ 7 కంప్యూటర్లు కనిపిస్తాయి కాబట్టి ఇదీ చెప్పాలి, 3.9 నుంచే విండోస్ 7 మీద పైథాన్ ఎక్కదు. అలాంటి చోట ముందు విండోస్ సంగతి చూడాలి.

సరే, ఇప్పుడు నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం. "రిమూవ్డ్". ఏవి తీసేశారు. ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం.

బాబాయి ప్రోగ్రామ్‌ని నేరుగా 3.14తో నడుపుతున్నాను చూడండి. ఎర్రగా వచ్చింది. మాడ్యూల్ నాట్ ఫౌండ్ ఎర్రర్, ఐఎమ్‌జీ‌హెచ్‌డీఆర్ అన్న మాడ్యూల్ లేదు అంటోంది. మాడ్యూల్ అంటే సిద్ధంగా రాసి ఉన్న కోడ్ ముక్క. మనం ఇన్‌స్టాల్ చేసింది కాదది, పైథాన్‌తో పాటే వచ్చేది. ఒక ఫైల్ ఇస్తే అది జేపెగ్గా, పీఎన్‌జీనా అని చెప్పేది. ఇన్‌వాయిస్ ఫోటో నిజంగా ఫోటోనేనా అని చూడటానికి 2021లో దాన్నే వాడాను.

ఏమైందంటే, పెప్ 594 అని ఒకటుంది. క్రిస్టియన్ హైమ్స్ 2019లో మొదలుపెట్టారు. పైథాన్‌తో వచ్చే స్టాండర్డ్ లైబ్రరీలో ఎవరూ పట్టించుకోని పాత మాడ్యూళ్లు పేరుకుపోయాయి, వాటిని మోయడం భారం అన్నది అందులో వాదన. 2022లో అంగీకారం వచ్చింది. 3.11లో వాటిని డెప్రికేట్ చేశారు, అంటే "ఇవి పోతాయి, వేరే దారి చూసుకోండి" అని హెచ్చరిక పెట్టారు. 3.13లో 19 మాడ్యూళ్లను తీసేశారు. సీజీఐ, టెల్‌నెట్‌లిబ్, క్రిప్ట్, మన ఐఎమ్‌జీ‌హెచ్‌డీఆర్ అన్నీ ఆ లెక్కలో పోయినవే.

ఇక్కడ గమనించండి. హెచ్చరిక ఉన్నది ఎక్కడ? 3.11లో, 3.12లో. బాబాయి ల్యాప్‌టాప్‌లో ఉన్నది 3.9. అందులో ఆ హెచ్చరిక లేదు, ఎందుకంటే అప్పటికి ఆ నిర్ణయమే లేదు. 3.14లోనూ లేదు, ఎందుకంటే అప్పటికి మాడ్యూలే లేదు. 3.9 నుంచి 3.14కి ఒక్క గంతు వేస్తే, మనకోసం రాసిపెట్టిన హెచ్చరిక మీద నుంచి దూకేసినట్టు. పాతిక ఫైళ్ల ప్రోగ్రామ్‌లో ఇలాంటివి ఐదారు ఉంటే, ఒకటి సరిచేస్తే ఇంకోటి బయటపడుతూ రాత్రంతా టెన్షన్.

అందుకని నేను చేసే పద్ధతి ఇది. మధ్యలో 3.12 దగ్గర ఒక మజిలీ. విండోస్‌లో ఇప్పుడు పైథాన్ ఇన్‌స్టాల్ మేనేజర్ అని కొత్తది ఇచ్చారు, మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో దొరుకుతుంది, పైథాన్ డాట్ ఓఆర్‌జీ‌లో కూడా. అది ఉంటే పీ వై, స్పేస్, ఇన్‌స్టాల్, స్పేస్, 3.12 అని కొట్టండి. అలాగే 3.14 కూడా. రెండూ పక్కపక్కనే ఉంటాయి, ఒకటి ఇంకొకదాన్ని చెరపదు. పీ వై లిస్ట్ అని కొడితే ఏవేవి ఉన్నాయో చూపిస్తుంది.

ఇప్పుడు 3.12తో ప్రోగ్రామ్ నడుపుతూ, ఫైల్ పేరుకి ముందు హైఫన్, పెద్ద డబ్ల్యూ, స్పేస్, డిఫాల్ట్ అని ఇవ్వండి. ఇది ఇవ్వకపోతే ప్రధాన ఫైల్‌లో ఉన్న హెచ్చరికలే కనిపిస్తాయి, మిగతా ఫైళ్లలోవి దాగిపోతాయి. ఇదిగో వచ్చింది. డెప్రికేషన్ వార్నింగ్. ఐఎమ్‌జీ‌హెచ్‌డీఆర్ డెప్రికేట్ అయింది, పైథాన్ 3.13లో తీసేస్తారు అని స్పష్టంగా చెబుతోంది. ఏ ఫైల్‌లో ఏ లైనో కూడా ఇచ్చింది. ప్రోగ్రామ్ ఆగలేదు, పని చేస్తూనే చెప్పింది. ఇలా వచ్చినవన్నీ ఒక చోట రాసుకుని, 3.12 మీదే తీరిగ్గా సరిచేసుకోవచ్చు.

సరిచేయడం చూద్దాం. ఐఎమ్‌జీ‌హెచ్‌డీఆర్ బదులు పిల్లో లైబ్రరీ వాడుతున్నాను. ఇమేజ్ డాట్ ఓపెన్ అని ఫైల్ ఇచ్చి, వచ్చినదాని మీద డాట్ ఫార్మాట్ అడిగితే సరిపోతుంది. మార్చాను. నడిపాను. ఎర్రర్ లేదు. హమ్మయ్య అనుకునేలోపు ఫోల్డర్ చూడండి, ఒక్క ఫోటో కూడా సర్దలేదు. అన్నిటినీ "ఫోటో కాదు" అన్న ఫోల్డర్‌లోకి తోసేసింది.

ఎందుకు? పాత మాడ్యూల్ జేపెగ్ అన్న మాటని చిన్న అక్షరాల్లో ఇచ్చేది. పిల్లో పెద్ద అక్షరాల్లో ఇస్తుంది. నా కోడ్‌లో పోల్చింది చిన్న అక్షరాల మాటతో. రెండూ ఒకటి కాదు కాబట్టి ప్రతి ఫోటోకీ "కాదు" అనే వచ్చింది. డాట్ ఫార్మాట్ తర్వాత డాట్ లోయర్ అని చేర్చాను, సరిపోయింది. మన ఫైళ్లన్నీ జేపెగ్, పీఎన్‌జీలే కాబట్టి ఇది చాలు. ఫార్మాట్ తెలియకపోతే అక్కడ నన్, అంటే ఏమీ లేదు, అన్న విలువ ఉండొచ్చు, ఫోటో కానిదాన్ని తెరిస్తే పిల్లో ఎర్రర్ ఇస్తుంది. అందుకని ఎర్రర్ వచ్చినా ప్రోగ్రామ్ ఆగకుండా ట్రై, ఎక్సెప్ట్‌లో పెట్టాను. ఇది ఎందుకు చూపించానంటే, ఎర్రర్ రాకపోవడం అంటే సరిగ్గా నడిచినట్టు కాదు. వెర్షన్ మార్చినప్పుడు జవాబుని పాత జవాబుతో పక్కపక్కన పెట్టి చూడాల్సిందే.

ఇప్పుడు కొత్త ఎన్విరాన్‌మెంట్, అంటే ఈ ప్రోగ్రామ్‌కి కావాల్సిన లైబ్రరీలుండే విడి ఫోల్డర్, దాన్నే వెన్వ్ అంటారు. పాత వెన్వ్ ఫోల్డర్‌ని కాపీ చేసి 3.14కి వాడుకుందాం అనుకోవద్దు, అది ఏ పైథాన్‌తో కట్టారో దానికే చెందుతుంది. లైబ్రరీలు ఇన్‌స్టాల్ చేసే టూల్ పేరు పిప్. పాతదాంట్లో పిప్ ఫ్రీజ్ కొట్టి, లైబ్రరీల జాబితాని రిక్వైర్‌మెంట్స్ ఫైల్‌లోకి తీసుకోండి. 3.14తో కొత్త వెన్వ్ కట్టి, అందులో ఆ జాబితా ఇన్‌స్టాల్ చేయండి. ఇక్కడ విండోస్‌లో కొందరికి పెద్ద ఎర్రర్ వస్తుంది, మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ కావాలి అని. కంగారు పడకండి. మీరు అడిగిన లైబ్రరీ ఆ వెర్షన్‌కి, 3.14కి రెడీమేడ్ వీల్ ఫైల్ ఇవ్వలేదు, అందుకని పిప్ సోర్స్ నుంచి కట్టబోయింది. చాలాసార్లు జాబితాలో ఉన్నది నాలుగేళ్ల నాటి పాత నంబర్ కావడమే కారణం. లైబ్రరీ కొత్త నంబర్ అడిగి చూడండి. అయినా లేకపోతే 3.13 వేసుకోండి, దానికి 2029 అక్టోబర్ దాకా సమయం ఉంది.

విడుదలైన రోజే మారాలా అని అడుగుతారు. షాపు కంప్యూటర్‌లో నేను మార్చను. 3.14.1 2025 డిసెంబర్ 2న వచ్చింది. అందులో కొన్ని పనులు కొత్తగా చెడ్డాయని తెలిసి, మూడు రోజుల్లో, డిసెంబర్ 5న 3.14.2 ఇచ్చారు. సాయంత్రం నేర్చుకోవడానికి మన సొంత ల్యాప్‌టాప్‌లో మొదటి రోజే వేసుకోండి, బాకీల లెక్క ఉన్న చోట కొన్నాళ్లు ఆగండి.

కొత్తగా వచ్చినవి చూద్దాం. నేర్చుకునేవాళ్లకి బాగా పనికొచ్చేది ఎర్రర్ మెసేజ్‌లు. వైల్ అన్న మాటలో ఒక ఎల్ ఎక్కువ కొట్టి చూపిస్తాను. 3.9లో ఇన్‌వాలిడ్ సింటాక్స్ అని ఊరుకుంటుంది. 3.14లో అదే తప్పుకి "మీరు వైల్ అనుకున్నారా" అని అడుగుతోంది. ఇంకోటి 3.13లోనే వచ్చింది. కొత్తవాళ్లు ర్యాండమ్ మాడ్యూల్ నేర్చుకుంటూ ఫైల్‌కి ర్యాండమ్ డాట్ పీ వై అనే పేరు పెడతారు. పైథాన్ అసలు మాడ్యూల్‌ని వదిలేసి వీళ్ల ఫైల్‌నే తెచ్చుకుంటుంది, ర్యాండింట్ లేదు అంటుంది. ఎంతమంది పిల్లలు దీని దగ్గర ఒక పూటంతా పోగొట్టుకుని, ప్రోగ్రామింగ్ నాకు రాదేమో అని ఏడుపు మొహం పెట్టారో నేను చూశాను. ఇప్పుడు ఆ మెసేజ్‌లోనే "మీ ఫైల్ పేరు మార్చండి, స్టాండర్డ్ లైబ్రరీ మాడ్యూల్‌కీ అదే పేరుంది" అని వస్తుంది. ఇది రాసినవాళ్లకి చేతులెత్తి మొక్కాలి.

టీ స్ట్రింగ్ అని వచ్చింది, పెప్ 750. ఎఫ్ స్ట్రింగ్ అయితే విలువల్ని వెంటనే కలిపేసి ఒకే స్ట్రింగ్, అంటే ఒకే అక్షరాల వరుస, ఇస్తుంది. టీ స్ట్రింగ్ మనం రాసిన మాటల్ని, బయటి నుంచి వచ్చిన విలువల్ని విడివిడిగా ఉంచుతుంది. వెబ్ పేజీలోకి, డేటాబేస్‌లోకి వెళ్లేముందు బయటి విలువల్ని శుభ్రం చేసుకునే వీలు లైబ్రరీలకి దొరుకుతుంది. మనకి ఇప్పుడే అక్కర్లేదు.

ఇక జిల్ లేని పైథాన్. అమీర్‌పేట కోచింగ్ నుంచి వచ్చిన ఎవరినైనా అడగండి, ఇంటర్వ్యూలో జిల్ ప్రశ్న ఎదురుకాకుండా ఉండదు. ఒక ప్రాసెస్‌లో ఒకసారి ఒక త్రెడ్, అంటే ఒక పని వరుస, మాత్రమే పైథాన్ కోడ్ నడపాలి అనే తాళం అది. దాన్ని తీసేసిన బిల్డ్ 3.13లో ప్రయోగంగా వచ్చింది, 3.14లో పెప్ 779 ప్రకారం అధికారికంగా సపోర్ట్ ఉంది. కానీ మామూలుగా ఇన్‌స్టాల్ చేస్తే వచ్చేది అది కాదు, విడిగా అడిగి తెచ్చుకోవాలి. "జిల్ పోయింది" అని థంబ్‌నెయిల్‌లో పెట్టేవాళ్ల మాట నమ్మి ఇంటర్వ్యూలో అలాగే చెప్పకండి.

ప్రకటన పేరుతో వచ్చే మోసం గురించి కూడా జాగ్రత్త. 2025 జూలైలో పైథాన్ లైబ్రరీలు దొరికే పీ వై పీ ఐ సైట్‌లో తమ ప్యాకేజీలు పెట్టినవాళ్లకి, మీ ఈమెయిల్ వెరిఫై చేసుకోండి అంటూ దొంగ మెయిల్స్ వచ్చాయి. లింక్‌లో పీ వై పీ ఐ ఉండాల్సిన చోట పీ వై పీ జే ఉంది. ఒక్క అక్షరం. పేజీ చూస్తే అచ్చం అసలుదే. మెయిల్‌లో లింక్ నొక్కకుండా, అడ్రస్ మీరే కొట్టి వెళ్లండి.

వీటన్నిటి వెనక పైథాన్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఉంది, 2001లో పెట్టిన లాభాపేక్ష లేని సంస్థ. 2025 అక్టోబర్‌లో అమెరికా ప్రభుత్వ సైన్స్ ఫౌండేషన్ నుంచి రావాల్సిన 15 లక్షల డాలర్ల గ్రాంట్‌ని వాళ్లే వద్దనుకున్నారు. అందరినీ కలుపుకుపోయే కార్యక్రమాలు ఏవీ చేయకూడదు అన్న షరతు అందులో ఉండటమే కారణం. ఏడాది బడ్జెట్టే సుమారు 50 లక్షల డాలర్లున్న సంస్థకి అది చిన్న మొత్తం కాదు. నేను ఆ నిర్ణయాన్ని గౌరవిస్తాను. ఊళ్లో తెలుగు మీడియంలో చదివి కోడ్ రాస్తున్నవాళ్లకి, ఈ భాష అందరిదీ అన్న మాట విలువేంటో తెలుసు. పైథాన్ వాడేవాళ్ల సదస్సు పైకాన్ ఇండియా 2018లో, మళ్లీ 2023లో హైదరాబాద్‌లోనే జరిగింది. ఈసారి మీకు దగ్గర్లో జరిగితే ఒక్కసారి వెళ్లండి, టాక్స్ కన్నా బయట వరండాలో మాటలే ఎక్కువ నేర్పుతాయి.

ఇప్పుడు చివరి మెట్టు. పోయిన నెల ఇన్‌వాయిస్ ఫోటోలన్నీ, ఖాతాల ఫైల్ కాపీ ఒకటి పక్కన పెట్టాను. 3.9తో ఒకసారి, 3.14తో ఒకసారి నడిపాను. రెండు ఫోల్డర్లలో ఫోటోల సంఖ్య ఒకటే. మొత్తం బాకీ పైసలతో సహా ఒకటే. బాబాయి పక్కనే కూర్చుని రెండు అంకెలూ వేలు పెట్టి చూశారు. "ఏరా, పాతది తీసేశావా?" అని అడిగారు. లేదు బాబాయ్, పాత వెన్వ్ ఫోల్డర్ ఇంకో నెల అలాగే ఉంచుతాను, ఈ నెల లెక్క సరిపోయాక తీసేద్దాం అన్నాను.

మీరు కాగితం మీద రాసుకున్న నంబర్ 3.9 గానీ, అంతకన్నా పాతది గానీ అయితే, ఈ ఆదివారం 3.12 మజిలీ దగ్గర మొదలుపెట్టండి. ఏ హెచ్చరిక వచ్చిందో, ఏ మాడ్యూల్ పేరు కనిపించిందో కింద రాయండి. ఒక్కోదానికీ ఇప్పుడు ఏది వాడాలో నేను చూసి చెబుతాను.